గుండె లేని హైడ్రా, గుండె ఉన్న డాల్ఫిన్: ప్రాజెక్టు డైరీ

నవంబరు 16

నల్లగొండ జిల్లాలో ఒక ఊరి హైస్కూలు, జనవరి సైన్స్ ఫెయిర్ కోసం. చెరువుల్లో బతికే సెంటీమీటరంత మెత్తటి జీవి, మంచినీటి హైడ్రానూ, సముద్రపు డాల్ఫిన్‌నూ పక్కపక్కన పెట్టి చూపాలి. ఇలాంటి ప్రాజెక్టంటే చార్టు మీద రెండు గళ్లు గీసి, ఒకవైపు "వెన్నెముక లేదు", మరోవైపు "వెన్నెముక ఉంది" అని రాసుకుంటూ పోవడమే అలవాటైపోయింది. ఆ చార్టు చదివినవాళ్లకు హైడ్రా ఏదో అరకొర జీవి, డాల్ఫిన్ పూర్తయిన జీవి అనిపిస్తుంది. అది తప్పు. ఆ పద్ధతి వద్దని మొదటి రోజే తేల్చుకున్నాం.

తొమ్మిదో తరగతి పిల్లాడొకడు వేసిన ప్రశ్ననే ప్రాజెక్టుకు తలకట్టుగా పెట్టాం. "సార్, గుండె లేకుంటే అది ఎట్ల బతుకుతది?" దీనికి జవాబు 'దూరం' అన్న ఒక్క లెక్కలో ఉంది. ఒంట్లోని కణం నీళ్లకు ఎంత దూరంలో ఉంది? ఈ ఒక్కటి కొలిచి చూపిస్తే గుండె, రక్తం, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు అన్నీ దాని వెనకే వస్తాయి.

నవంబరు 19, హైడ్రా సేకరణ

చెరువు ఎంపికలోనే సగం పని ఉంది. పానగల్లు ఉదయసముద్రం లాగా కాలువ నీళ్లు వచ్చి చేరే పెద్ద చెరువైనా, వర్షం నీళ్లు నిలిచిన ఊరి కుంటైనా పర్వాలేదు. బత్తాయి తోటల నుంచి నీళ్లు దిగే కుంట మాత్రం వద్దు. గజ్జి తెగులుకు తోటల్లో కాపర్ ఆక్సీక్లోరైడ్ కొడతారు. రాగి లీటరుకు మిల్లీగ్రాములో చిన్న వంతు ఉన్నా హైడ్రా తట్టుకోదు. మందు కొట్టిన వరిమడి మురుగు కాలువలు కూడా అంతే.

హైడ్రా నీళ్లలో తేలుతూ దొరకదు, దేనికో ఒకదానికి అంటుకుని ఉంటుంది. కలువ ఆకుల అడుగుభాగం, గుర్రపుడెక్క వేళ్లు, గట్టు పక్క నీడలోని నాచు చూడాలి. చెరువులో ఉండగా కంటికి కనిపించదు, వెతికి లాభం లేదు. కదిపితే ముడుచుకుని ఆవగింజలో సగమంత జిగురు చుక్క అయిపోతుంది. అందుకే ఆకులూ వేళ్లూ పిడికెడు కోసి, అదే చెరువు నీళ్లతో లీటరు గాజు సీసాల్లో వేసుకుని రావాలి. సీసాలో మూడు వంతులే నింపి, మూత వదులుగా పెట్టాలి. ఎనిమిది సీసాలు తెచ్చాం.

వాటిని కిటికీ దగ్గర, ఎండ నేరుగా పడని చోట పెట్టి రాత్రంతా కదపకుండా వదిలేశాం. హైడ్రాలు మెల్లగా వెలుగువైపు వచ్చి గాజుకు అంటుకుంటాయి.

నవంబరు 20

ఎనిమిదింటిలో మూడు సీసాల్లో కనిపించాయి, మొత్తం పద్నాలుగు. గాజు మీద సన్నటి గోధుమరంగు దారప్పోగు, చివర వెంట్రుకల్లాంటి అయిదారు స్పర్శకాలు, అంటే మేతను పట్టే చేతులు. సాగినప్పుడు సెంటీమీటరుకు అటూ ఇటుగా ఉంది. 10 రెట్ల భూతద్దం చాలు.

పొరపడే చోట్లు రెండు. గాజు మీద జారుతూ పోయే, తల త్రికోణంగా ఉన్న పురుగు ప్లనేరియా. దాన్ని హైడ్రాల గిన్నెలో వేయొద్దు, మాంసాహారి. కదలకుండా వరసగా ఉన్న జిగురు చుక్కలు నత్త గుడ్లు. అనుమానం ఉంటే గంట ఆగి చూడండి. హైడ్రా అయితే మళ్లీ సాగుతుంది.

తీసేటప్పుడు గోకొద్దు. డ్రాపర్‌తో దాని మొదలు దగ్గర నీటిని రెండు మూడుసార్లు చిమ్మితే పట్టు వదులుతుంది, వెంటనే పీల్చుకోవాలి. ఆలస్యం చేస్తే డ్రాపర్ గాజుకే అంటుకుంటుంది.

నవంబరు 21, నీళ్ల సంగతి

ఈ జిల్లాలో ఏ పని చేసినా మొదటి చిక్కు నీళ్ల దగ్గరే వస్తుంది. బోరు నీళ్లలో ఫ్లోరైడ్, కఠినత్వం ఎక్కువ. నల్లా నీళ్లలో క్లోరిన్. ఆర్వో నీళ్లు శుభ్రమే కానీ అందులో కాల్షియం దాదాపు ఉండదు, కాల్షియం లేకపోతే హైడ్రా కణాలు ఒకదానికొకటి పట్టుకుని నిలవలేవు. రెండు రోజుల్లో కరిగిపోయినట్టు మాయమవుతుంది. రాగి బిందెలో నిలవ చేసిన నీళ్లు మనకు మంచివని తాగుతాం, హైడ్రాకు అవి విషం. ఇత్తడి గిన్నె, రాగి తీగ, ఇత్తడి కుళాయి ఏదీ దాని నీళ్లకు తగలకూడదు.

కుదిరిన పద్ధతి ఆర్వో నీళ్లలో మనమే లవణాలు కలపడం. లీటరుకు కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ 147 మిల్లీగ్రాములు, వంట సోడా 84 మిల్లీగ్రాములు. బడి తక్కెడ 0.1 గ్రాము కంటే తక్కువ చూపదు కాబట్టి చిక్కటి ద్రావణాలు చేసి పెట్టుకోవాలి. ఒక సీసాలో లీటరు ఆర్వో నీళ్లకు 14.7 గ్రాముల కాల్షియం క్లోరైడ్, ఇంకో సీసాలో లీటరుకు 8.4 గ్రాముల సోడా. వాడేటప్పుడు లీటరు నీళ్లలో ఒక్కోదాని నుంచి 10 మిల్లీలీటర్లు. రెండు చిక్కటి ద్రావణాలనూ నేరుగా కలిపితే సుద్దలా తెల్లగా పేరుకుంటుంది, ఆ నీళ్లు పారబోయాల్సిందే. ముందు ఒకటి నీళ్లలో కలిపి, తర్వాత రెండోది.

హైడ్రాలను ఒక్కసారిగా కొత్త నీళ్లలోకి మార్చలేదు. సగం చెరువు నీళ్లు, సగం మన నీళ్లు ఒక రోజు. మర్నాడు పూర్తిగా మన నీళ్లు.

నవంబరు 27, మేత

అక్వేరియం దుకాణంలో దొరికే ఆర్టీమియా (ఉప్పునీళ్లలో బతికే రొయ్య జాతి చిన్న జీవి) గుడ్లు. లీటరు నీళ్లకు 30 గ్రాముల రాళ్లుప్పు, పావు చెంచా గుడ్లు, అడుగు నుంచి గాలి బుడగలు, 26–28 డిగ్రీలు. 24 నుంచి 36 గంటల్లో నారింజ రంగు పిల్లలు పొదుగుతాయి. గుడ్డలో వడకట్టి మంచినీళ్లతో మూడుసార్లు కడగాలి. ఉప్పు మిగిలితే హైడ్రాలు ముడుచుకుపోతాయి. చెరువులో దొరికే డాఫ్నియా (గెంతుతూ ఈదే చిన్న నీటి జీవి) కూడా మంచి మేతే, కానీ దాంతోపాటు ప్లనేరియా రావచ్చు.

భూతద్దం కింద మేత వేసిన క్షణం చూడాలి. డాఫ్నియా కుప్పిగంతులు వేస్తూ వచ్చి ఒక స్పర్శకానికి తగులుతుంది, అక్కడికక్కడే ఆగిపోతుంది. కుట్టు కణాలు పేలి లోపలి దారాలు దిగాయన్న మాట. కాసేపు కాళ్లు కొట్టుకుంటాయి. పక్క స్పర్శకాలు ఒక్కొక్కటే వంగి చుట్టుకుంటాయి. అప్పటిదాకా ఎక్కడుందో కనిపించని నోరు తెరుచుకుని, తన ఒంటికన్నా వెడల్పైన డాఫ్నియా మీదికి మేజోడు తొడిగినట్టు ఎక్కుతుంది. పది పదిహేను నిమిషాలకు సన్నటి ఒంట్లో గుండ్రటి ఉబ్బు, దాని లోపల డాఫ్నియా కన్ను నల్ల చుక్కలా కనబడుతూ ఉంటుంది. జీర్ణం కానిది బయటికి వచ్చేది కూడా ఆ నోటి నుంచే.

మేత వేసిన 5–6 గంటలకు నీళ్లు మార్చడం తప్పనిసరి. మా రెండో గిన్నె శనివారం మేత వేసి సోమవారం దాకా వదిలేయడంతో పాడైంది. నీళ్లు మసకబారాయి, హైడ్రాల స్పర్శకాలు మొద్దుల్లా కుదించుకుపోయాయి. కొత్త నీళ్లలోకి మార్చి, నాలుగు రోజులు మేత ఆపితే సగం కోలుకున్నాయి. సరిగ్గా చూసుకుంటే మూడు నాలుగు రోజులకు సంఖ్య రెట్టింపవుతుంది, ఒంటి మీదే మొగ్గల్లా పిల్లలను వేస్తుంది కాబట్టి.

డిసెంబరు 4, పారాణి ఘనాలు

ప్రాజెక్టుకు ఇదే ప్రాణం, ఎక్కువ రోజులు దీని మీదే పోయాయి.

ఒక పదార్థం బయటి నుంచి లోపలికి తనంతట తాను ఎంత దూరం వెళ్తుంది? దీన్ని కంటికి చూపడానికి పసుపు, సున్నం, చైనా గ్రాస్ (జెల్లీ గడ్డకట్టించే అగర్), వెనిగర్ చాలు. పసుపులో సున్నం కలిస్తే పారాణి ఎరుపు, పులుపు తగిలితే మళ్లీ పసుపు. ఎర్రటి జెల్లీ ఘనాన్ని వెనిగర్‌లో ముంచితే పులుపు ఎంత లోతుకు పోయిందో అంత మేర పసుపు అంచు కడుతుంది.

కొలతలు: పాన్ డబ్బా సున్నం ఒక చెంచా లీటరు ఆర్వో నీళ్లలో కలిపి రాత్రంతా తేరనిచ్చి, పై తేట 50 మిల్లీలీటర్లు. పసుపు ఒక చెంచా 20 మిల్లీలీటర్ల సర్జికల్ స్పిరిట్‌లో కలిపి వడకట్టి, 10 మిల్లీలీటర్లు. ఆర్వో నీళ్లు 440 మిల్లీలీటర్లు, చైనా గ్రాస్ 10 గ్రాములు. చైనా గ్రాస్ పూర్తిగా కరిగేదాకా మరిగించి, స్టవ్ ఆపి, గిన్నెను చేత్తో పట్టుకోగలిగే వేడికి వచ్చాక సున్నపు తేట, తర్వాత పసుపు స్పిరిట్ కలిపి, అయిదు అంగుళాల చదరపు స్టీలు డబ్బాలో పోయాలి. మూడు సెంటీమీటర్ల మందాన గడ్డకడుతుంది.

మొదటిసారి బోరు నీళ్లతో చేశాం. సున్నం పోయగానే పాలలా తెల్లబడింది, ఎరుపు రానే లేదు. ఆ నీళ్లలోని బైకార్బొనేట్ సున్నాన్ని మింగేసి సుద్దగా మార్చింది. రెండోసారి పసుపును మరిగే ద్రవంలోనే వేశాం. ఎరుపు వచ్చింది కానీ అరగంటలో గోధుమరంగైంది. సున్నపు వేడిలో పసుపు రంగు పదార్థం విరిగిపోతుంది. చల్లారాక కలిపినా మర్నాటికి వెలిసిపోతుంది కాబట్టి ప్రదర్శన రోజు ఉదయమే పోసుకోవాలి. స్పిరిట్ సీసా స్టవ్ దరిదాపుల్లో ఉండొద్దు.

గడ్డకట్టాక 1, 2, 3 సెంటీమీటర్ల ఘనాలు కోసి మూడింటినీ ఒకేసారి వెనిగర్‌లో పూర్తిగా మునిగేలా వేయాలి. అడుగున అగ్గిపుల్లలు పెట్టి వాటి మీద నిలపాలి, లేకపోతే అడుగు ముఖానికి పులుపు అందదు. పావుగంటకు అంచు సుమారు 4 మిల్లీమీటర్లు వచ్చింది. తీసి, కడిగి, నడిమికి కోయాలి.

ఒక సెంటీమీటరు ఘనంలో మిగిలిన ఎరుపు 0.2 సెంటీమీటర్ల ముద్ద. అంటే 99 శాతానికి పైగా పులుపు అందింది. రెండు సెంటీమీటర్లదానిలో 78 శాతం. మూడు సెంటీమీటర్లదానిలో 61 శాతం. మూడింటికీ అదే వెనిగర్, అదే సమయం.

ఇంకో ఘనాన్ని గంటసేపు ఉంచాం. సమయం నాలుగింతలైతే లోతు రెట్టింపే అయింది. ఈ లెక్కే కీలకం. నీళ్లలో ఆక్సిజన్ వ్యాపన గుణకం (తనంతట తాను ఎంత వేగంగా పాకుతుందో చెప్పే కొలత) సెకనుకు సుమారు 2×10⁻⁹ చదరపు మీటర్లు. దూరాన్ని వర్గం చేసి గుణకానికి రెట్టింపుతో భాగిస్తే సమయం వస్తుంది. మిల్లీమీటరులో పదో వంతు పోవడానికి రెండున్నర సెకన్లు, ఒక సెంటీమీటరుకు ఏడు గంటలు. డాల్ఫిన్ చర్మం నుంచి ఒంటి నడిమికి పాతిక సెంటీమీటర్లనుకుంటే దాదాపు ఆరు నెలలు.

హైడ్రా గోడ రెండే కణాల పొరలు, మధ్యలో పలుచటి జిగురు పొర. బయటి పొరకు చెరువు నీళ్లు, లోపలి పొరకు నోటి నుంచి వచ్చిన నీళ్లు. నీళ్లు తగలని పొరంటూ లేదు. దానికి గుండె కొరత కాదు, అక్కరే లేదు. డాల్ఫిన్‌లో లోపలి కండకు ఆరు నెలలు ఆగే తీరిక లేదు కాబట్టి ఊపిరితిత్తి దాకా గాలి తెచ్చుకుని, అక్కడి నుంచి రక్తంతో ప్రతి కణం పక్కకూ చేరవేసుకుంటుంది. కేశనాళిక (అతి సన్నటి రక్తనాళం) నుంచి కణం దాకా మిగిలిన చివరి దూరం మళ్లీ హైడ్రా గోడంత దూరానికి మించదు. ఆ చివరి అడుగు రెండు జీవుల్లోనూ ఒక్కటే. చార్టు మీద పెద్ద అక్షరాలతో ఇదే రాయించాం.

డిసెంబరు 12, ఒకే పొడవు నమూనాలు

డాల్ఫిన్ అసలు సైజు, 2.5 మీటర్లు. హైడ్రా 250 రెట్లు, అదీ 2.5 మీటర్లే. రెండింటినీ పక్కపక్కన పడుకోబెట్టాలి.

హైడ్రాకు 75 మిల్లీమీటర్ల పీవీసీ పైపు 2.5 మీటర్లు, అదే లోపలి కుహరం. దాని చుట్టూ 12 మిల్లీమీటర్ల ఫోమ్ షీటు ఎరుపు ఒకటి, పసుపు ఒకటి. మొత్తం వెడల్పు 123 మిల్లీమీటర్లు, అసలు హైడ్రాలో అర మిల్లీమీటరుకు సరిపోతుంది. ఒక చివర మూత బిగించాలి, అది మొదలు. రెండో చివర నోరు, చుట్టూ ఆరు పాత సైకిల్ ట్యూబులు కోసి 1.25 మీటర్ల చొప్పున. ట్యూబుల మీద ఆవాలు గుత్తులు గుత్తులుగా అంటించాం. కుట్టు గుళిక (కుట్టు కణంలో పేలే భాగం) 10 మైక్రోమీటర్ల దరిదాపు కాబట్టి 250 రెట్లకు ఆవగింజ సైజే అవుతుంది. ఫెవికాల్ రబ్బరుకు పట్టదు, పంక్చర్ సొల్యూషన్ వాడాలి.

డాల్ఫిన్‌కు ప్లైవుడ్ ఆకారం. గీసేటప్పుడు రెండు తప్పులు దాదాపు అందరూ చేస్తారు. తోకను చేప తోకలా నిలువుగా గీస్తారు. డాల్ఫిన్ తోక అడ్డంగా ఉండి పైకీ కిందికీ ఊగుతుంది. ఇక ఇంటర్నెట్ నుంచి గంగా డాల్ఫిన్ ఫొటో తెచ్చి అంటిస్తారు. అది 2009లో ప్రకటించిన మన జాతీయ జలచరం, కానీ మంచినీటి జీవి. సముద్రపు జీవి అని చెబుతూ దాన్ని చూపితే ప్రాజెక్టు అక్కడే పోతుంది. మేం తీసుకున్నది మన తీరాల్లో ఉండే ఇండో-పసిఫిక్ బాటిల్‌నోస్ రకం.

రక్తప్రసరణకు కూలర్ పంపు, సెలైన్ సెట్ల పైపులు, ఎర్ర సిరా కలిపిన నీళ్లు. మూతి నుంచి తోక దాకా రంగు కొన్ని సెకన్లలో చేరుతుంది. బల్ల ఎత్తు 60 సెంటీమీటర్లు దాటితే సన్న పైపుల్లో ఒరవడి పడిపోతుంది. గాలి బుడగ ఇరుక్కుంటే ఆ కొమ్మ మొత్తం ఆగుతుంది, పంపు పెట్టే ముందే పైపులన్నీ నీళ్లతో నింపాలి.

పక్కనే గుండె లేని డాల్ఫిన్ అని ఒక పారదర్శక పైపు. అందులో ఉత్త నీళ్లు పోసి సిరా చుక్క వేస్తే అరగంటలో సగం దాకా పాకింది, చూసేవాళ్లకు తప్పుడు అర్థం వెళ్తుంది. అది వ్యాపనం కాదు, గది వేడికి నీళ్లు లోపల తిరగడం. అర శాతం చైనా గ్రాస్ జెల్లీ నింపాక ఆ తిరుగుడు ఆగింది. వారానికి సిరా కొన్ని సెంటీమీటర్లే కదిలింది.

డిసెంబరు 18, కోత, ఉబ్బు

ఒక రోజు మేత ఆపిన హైడ్రాలను గాజు పళ్లెంలో కొత్త బ్లేడుతో నడిమికి కోశాం. 1740లలో జెనీవాకు చెందిన ప్రకృతి శాస్త్రవేత్త ఏబ్రహాం ట్రెంబ్లే చేసిన పనే. 20 డిగ్రీల దగ్గర రెండో రోజుకు స్పర్శకాల మొటిమలు, నాలుగో రోజుకు తినే హైడ్రా. మేతతో ఉన్నదాన్ని కోస్తే ముక్క కుళ్లిపోతుంది.

తలా మొదలూ రెండూ తీసేసిన నడిమి ముక్కను ప్రత్యేకంగా గమనించండి. అది ముడుచుకుని బంతిలా మూసుకుంటుంది, తర్వాత ఉబ్బుతుంది, పగిలి చప్పబడుతుంది, మళ్లీ ఉబ్బుతుంది. కొత్త నోరు వచ్చేదాకా ఇదే తంతు. చెరువు నీళ్లకన్నా దాని ఒంట్లో లవణాలు ఎక్కువ కాబట్టి నీళ్లు లోపలికి చొరబడుతూనే ఉంటాయి. మామూలు హైడ్రా వాటిని కుహరంలోకి తోసి నోటి నుంచి వదిలేస్తుంది. నోరు లేని ముక్కకు దారి లేదు.

డాల్ఫిన్ బాధ దీనికి తలకిందులు. దాని రక్తంలో ఉప్పు సముద్రపు నీళ్ల ఉప్పులో మూడింట ఒక వంతే. చుట్టూ సముద్రం ఉన్నా మంచినీళ్లకు కరువే. తినే చేపల్లోని నీళ్లు, కొవ్వు ఖర్చయ్యేటప్పుడు పుట్టే నీళ్లు, చిన్న చిన్న తమ్మెలు ద్రాక్ష గుత్తిలా కలిసిన మూత్రపిండం, వీటితో నెట్టుకొస్తుంది. ఈ తేడా చూపడానికి ఆలుగడ్డ ముక్కలు చాలు. 5 సెంటీమీటర్ల పొడవు, 1 సెంటీమీటరు మందం, అయిదేసి ముక్కలు రెండు గిన్నెల్లో. ఒకదానిలో మంచినీళ్లు, ఒకదానిలో లీటరుకు 35 గ్రాముల ఉప్పు. రెండు గంటలకు మంచినీళ్లవి బిర్రుగా, విరిస్తే టక్కున విరిగేలా. ఉప్పువి తోలుబెల్టులా వంగేలా. తూకం వేసే ముందు రెండింటినీ ఒకేలా గుడ్డతో అద్దాలి, ఇక్కడే లెక్క తప్పుతుంది.

జనవరి 3, డాల్డా

హైడ్రా ఒంటి వేడి చెరువు వేడే. డాల్ఫిన్‌కు 36–37 డిగ్రీలు నిలవాలి, నీళ్లేమో గాలికన్నా పాతిక రెట్ల వరకు వేగంగా వేడిని లాగేస్తాయి. దాన్ని కాపాడేది చర్మం కింది కొవ్వు పొర, మా నమూనాలో దాని బదులు డాల్డా. లీటరు నీళ్ల సీసాను సగానికి కోసి, దాని నడుమ 4 సెంటీమీటర్ల వెడల్పున్న 100 మిల్లీలీటర్ల సీసా నిలిపి, చుట్టూ, అడుగునా డాల్డా కరిగించి పోశాం. 2 సెంటీమీటర్ల పొర వచ్చింది. అర కిలో ప్యాకెట్ చాలు. లోపలి సీసాలో 37 డిగ్రీల నీళ్లు, థర్మామీటర్. పక్కన డాల్డా లేని అలాంటిదే మరొకటి. రెండూ ఐసు నీళ్ల బకెట్లో. రెండు నిమిషాలకోసారి రాయాలి. డాల్డా తేలుతుంది కాబట్టి అడుగున రాయి కట్టకపోతే ఒరిగిపోతుంది. వేడి నీళ్లు 37 దాటితే పొర కరగడం మొదలవుతుంది. ఒక తేడా చూసేవాళ్లకు చెప్పాలి. డాల్ఫిన్ కొవ్వు పొరలో రక్తనాళాలు ఉంటాయి, ఎక్కువ వేడి అయితే వాటిని తెరిచి వదిలేయగలదు. డాల్డాకు అది చేతకాదు.

మెదడు గురించి ఒక్క చీటీయే పెట్టాం. డాల్ఫిన్‌ది కిలోన్నర దాకా, హైడ్రాకు ఒళ్లంతా పరిచిన నాడీ వల. సూదితో ఒక స్పర్శకాన్ని తాకితే మొత్తం ఒళ్లు ముడుచుకోవడం అందరూ స్వయంగా చేసి చూడొచ్చు.

ఫిబ్రవరి 22

ఫెయిర్ అయిపోయింది. చూసినవాళ్లలో చాలామంది హైడ్రా నిజంగానే అంత పొడవని అనుకున్నారు. 250 రెట్లు అన్న అక్షరాలు పైపు మీదే, అడుగు ఎత్తున రాయాల్సింది. పక్కనే గాజు గిన్నెలో బతికున్న హైడ్రా, భూతద్దం ఉంచడంతో ఆ పొరపాటు కొంత సర్దుకుంది.

ఇప్పుడు గిన్నెల్లో దాదాపు రెండు వందలున్నాయి. గది మధ్యాహ్నం 30 డిగ్రీలకు వస్తోంది, కొన్నింటి స్పర్శకాలు అప్పుడే పొట్టిగా కనిపిస్తున్నాయి. వెడల్పు మూతి మట్టికుండలో తడి ఇసుక పోసి, గాజు గిన్నెను మెడదాకా దిగేసి, పైన తడి గోనెపట్టా కప్పాం. పొద్దున, సాయంత్రం ఇసుక తడపాలి. కుండలో పగటి వేడి 25 డిగ్రీలు దాటకుండా ఉంటేనే ఏప్రిల్ దాకా ఉంచుతాం. దాటితే, నవంబరులో తెచ్చిన అదే కుంటలో, అదే కలువ ఆకుల కింద తెల్లవారుజామున వదిలేయాలి.